కడిగిన కందిపొడి డబ్బా

ఉదయం తొమ్మిది యాభై రెండు.

విశాఖ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మూడో నంబర్ ప్లాట్‌ఫాం మీద ఆగింది. ఎస్-ఫోర్ బోగీలో ముప్ఫై రెండు మంది తెలుగువాళ్ళున్నారు. మామూలుగా అయితే బండి ఆగకముందే మూటలు కిటికీల్లోంచి దూకేవి. ఈరోజు ఒక్కరూ కదల్లేదు.

రైల్వే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ జానకిరామ్ బోగీ ఎక్కాడు. వెనకే కానిస్టేబుల్ సాహు.

ముప్ఫై ఒకటో నంబర్ సైడ్ లోయర్ బెర్తు. దాని మీద ఒక యువకుడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. పెదవులు వాచిపోయాయి. కనురెప్పలు ఉబ్బిపోయాయి. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. ఊపిరి లేదు.

అతని తల ఒక అమ్మాయి ఒళ్ళో ఉంది. ఆ అమ్మాయి ఏడవడం లేదు. అతని చొక్కా మీద పడ్డ ఇడ్లీ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరుతోంది.

"ఎవరమ్మా ఇతను?"

"మా ఆయన సార్. పృథ్వీ. పవర్ ప్లాంట్ల ఇంజనీరు."

"నీ పేరు?"

"లాస్య."

"ప్రాణం ఎప్పుడు పోయింది?"

"తొమ్మిదీ ఇరవైకి."

"ఏం తిన్నాడు?"

ఆ అమ్మాయి నోరు తెరవకముందే వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "ఇంకేటుంది బాబూ, కనకమ్మగారి ఇడ్లీలే."

ముప్ఫై జతల కళ్ళు బోగీ చివరికి తిరిగాయి.

అక్కడ గిన్నెల మధ్య కనకం కూర్చుని ఉంది. అరవై నాలుగేళ్ళు. రైల్వే కాలనీలో నలభై ఏళ్ళుగా శాకాహారం మెస్ నడుపుతున్న మనిషి. రోజుకి డెబ్భై క్యారేజీలు. జానకిరామ్ పెళ్ళికాక ముందు ఏడేళ్ళపాటు ఆవిడ చేతి తిండే తిన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా పిన్నీ అనే పిలుస్తాడు.

"పిన్నీ, ఏటైంది?"

"నాకేటి తెలుసు నాయినా" అంది కనకం. అతని మొహం చూడలేదు.

జానకిరామ్ ఆ సంగతి గమనించాడు. గమనించి పక్కన పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో దొంగల్ని పట్టుకోవడం నేర్చుకున్నాడు గానీ, అన్నం పెట్టిన మనిషిని అనుమానించడం అతనికి ఎవరూ నేర్పలేదు.

* * *

ఆ ప్రయాణం సంగతి ముందు చెప్పేయాలి. లేకపోతే తర్వాత ఏదీ అర్థం కాదు.

బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఏడాదంతా చేపలు తింటారు. కార్తీకమాసం వచ్చిందా, నీచు పేరెత్తరు. నీచంటే చేప, మాంసం, రొయ్య. ఆ నెలలోనే బారువ తీరానికి వెళ్ళి పున్నమికి సముద్రస్నానం చేసి వస్తారు.

బారువ ప్రశాంతమైన బీచ్. లైట్‌హౌస్, కొబ్బరితోటలు, వలలు, అంతే. స్నానానికి స్వర్గం. భోజనానికి మాత్రం నరకం. తీరంలో ఏ గుడిసె తలుపు తట్టినా చేపే. అందుకని కనకం గ్యాస్ స్టవ్‌లతో సహా వెంట వెళ్ళేది. ఒక ఇంటి వరండా అద్దెకు తీసుకుని, "యాత్రికులకు శుద్ధ శాకాహార భోజనం" అని బోర్డు పెట్టేది. నాలుగు రోజులూ ముద్దపప్పు, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, ఇంగువ దట్టించిన కందిపొడి. బిలాస్‌పూర్ వాళ్ళే కాదు, దారిన పోయే యాత్రికులు కూడా ఆ బోర్డు చూసి ప్రాణం లేచి వచ్చినట్టు ఆగేవారు.

ఆవిడ మెస్‌కి ఒక పేరుంది. మారు వడ్డన అడిగితే కనకం నోట "లేదు" అన్న మాట రాదు. గిన్నె గోకైనా వేస్తుంది.

ఈ ఏడు వాళ్ళు బయల్దేరిన శనివారం జానకిరామ్ ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు. బండి కదిలే ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి, "నా వాటా మర్చిపోకు పిన్నీ" అన్నాడు. ఏటా అనే మాటే. కనకం ఏటా నవ్వినట్టే నవ్వింది.

గురువారం ఉదయం శవంతో తిరిగొచ్చింది.

* * *

పదిన్నరకి బోగీలో ఉన్న వంటసామాను సీజ్ చేశారు. పదకొండు వస్తువులు. సాహు లిస్టు రాస్తూ ఏడో నంబర్ దగ్గర ఆగాడు.

"సర్, బాకీ సబ్ జూఠా హై. సిర్ఫ్ యే ధులా హై."

మిగతావన్నీ ఎంగిలిగా ఉన్నాయి. ఇడ్లీల గిన్నెకి పిండి అంటుకుని ఉంది. నూనె గిన్నె జిడ్డోడుతోంది. ఈ ఒక్క డబ్బా మాత్రం తళతళలాడుతోంది. స్టీల్ డబ్బా, బిగుతు మూత, లోపల ఇంకా నీటిచుక్కలు.

"పిన్ని శుభ్రం మనిషిలే. రాసుకో" అన్నాడు జానకిరామ్.

బోగీలో కుళాయిలు రాయ్‌పూర్ దాటకముందే ఎండిపోయాయని అరగంట క్రితమే టీటీఈ చెప్పాడు. ఆ ముక్క జానకిరామ్ డైరీలోనే ఉంది. కానీ డైరీలో రాసుకున్నవన్నీ బుర్రకెక్కుతాయా?

మధ్యాహ్నం రెండింటికి ఇంటికెళ్ళాడు. భార్య ప్రసూన సొరకాయ కూర వడ్డించింది.

"కనకం పిన్ని ఎలగుందండీ?"

"మెస్‌కి సీల్ వేసేశారు. ఫుడ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళొచ్చారు. ఆవిడ వంట తిని మనిషి చచ్చిపోయాడని వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతోంది."

"ఆవిడ వంటకి మనిషి చావడమేటండీ! అన్యాయం."

"అదే చూస్తున్నాను. ఆవిడ తప్పు లేదని తేలితేనే ఆ తాళం తీస్తారు. లేకపోతే ఈ వయసులో ఎక్కడికెళ్తుంది?"

ప్రసూన మజ్జిగ పోస్తూ, "అన్నట్టు మీ వాటా వచ్చింది. పిన్ని దగ్గర వంటపని చేసే అప్పయమ్మ ఇచ్చి వెళ్ళింది. కార్తీకం వెళ్ళి పోలి పాడ్యమి దాటేదాకా దాని ఊసెత్తకండి" అని బాల్కనీ వైపు చూపించింది.

కొక్కేనికి నల్ల కవరు వేలాడుతోంది. జానకిరామ్ తల కూడా తిప్పలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

మూడున్నరకి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"ఫుడ్ పాయిజనింగ్ కాదు జానకిరామ్ జీ. గొంతు లోపల వాచి మూసుకుపోయింది. సివియర్ అలర్జీ. ఇతనికి దేనికి అలర్జీ ఉందో కనుక్కోండి."

* * *

లాస్య వెయిటింగ్ రూంలో కూర్చుని ఉంది. వరంగల్ నుంచి అన్న బయల్దేరాడు. వచ్చేదాకా కదలనంది.

"రొయ్యలు సార్. చిన్నప్పటి నుంచి ఆయనకు రొయ్యలు పడవు. రొయ్యలు వేయించిన నూనెల బజ్జీ వేసినా దద్దుర్లు వస్తయి. అందుకే బయట తినడు. కనకమ్మ మెస్సుల్నే తింటడు."

"ఆవిడకి తెలుసా?"

"మొదటి రోజే చెప్పినం. నా గుమ్మంలకు నీచే రాదు, భయపడకు నాయినా అన్నది." లాస్య చున్నీ కొసని వేలికి చుట్టుకుంది. "బీచికి ఆయన రానన్నడు. నేనే గుంజుకపోయిన. ఆమె వంట ఉండంగ నీకేం భయం అని."

"పొద్దున్నేం జరిగింది? టైముతో సహా చెప్పమ్మా."

"ఎనిమిదీ పావుకు ఇడ్లీలు పెట్టిన్రు. ఎనిమిదీ ఇరవై అయిదుకు పొడి మళ్ళ అడిగిన. ఆయనకు పొడంటే పిచ్చి. ఎనిమిదీ నలభైకి పెదవులు దురద పెడుతున్నయి అన్నడు. అలర్జీ గోలి వేసిన."

"తర్వాత?"

"ఎనిమిదీ నలభై ఎనిమిదికి బండి చిన్న స్టేషన్ల ఆగింది. రెండు నిమిషాలు. దిగుదామని బ్యాగు కూడ తీసిన."

"మరి ఎందుకు దిగలేదు?"

"కనకమ్మను అడిగిన. అమ్మా, ఇండ్ల రొయ్య ఏమన్న కలిసిందా అని. లేదు తల్లీ అన్నది. రొయ్య కాకపోతే గోలితోటి తగ్గుతది గదా సార్? ఎప్పుడూ తగ్గేది." వేలికి చుట్టిన చున్నీ కొసని వదిలేసింది. "కూసున్న. బండి పోయింది."

జానకిరామ్ రాసుకున్నాడు. ఆ మాట మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో తెలియలేదు.

"నాకు ఒక్కటే కావాలె సార్" అంది లాస్య. "ఆ రొయ్య ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తెచ్చిన్రు? అది తెలవకపోతే నేను ఇంటికి పోలేను."

"తేలుస్తానమ్మా" అన్నాడు జానకిరామ్.

మాట ఇచ్చేశాడు.

* * *

శుక్రవారం ఉదయం పదిన్నర. రైల్వే పోలీసు థానాలో మొదట పిలిచింది త్రినాథరావుని. కనకం మరిది. టిక్కెట్లు, గదులు చూసేది అతనే.

"బారువలో నువ్వు నీచు తిన్నావా?"

"హరి హరీ! కార్తీకమాసంలోనా?"

"మంగళవారం సాయంత్రం ఆరింటికి ఎక్కడున్నావు?"

"ఒడ్డున... గాలికి..."

"జాలర్లపేటలో వేయించిన రొయ్యలు తిన్నావని ఇద్దరు చెప్పారు."

త్రినాథరావు మొహం కందగడ్డయింది. "బాబ్బాబు, మెల్లగా. మా ఆవిడ బయటే ఉన్నాది. ఒక్క ప్లేటు, అంతే. జిహ్వ ఆగలేదు. తర్వాత చేతులు కడుక్కుని సముద్రంలో మూడు మునకలు కూడా ఏసినాను."

"గురువారం పొద్దున్న వడ్డించావా?"

"లేదు. పైబెర్తు మీద పడుకునే ఉన్నాను. ఆ పిల్ల దిగుతానంటే మాత్రం ఒక మాటన్నాను. ఇక్కడ దిగి ఏటి చేస్తావమ్మా, బిలాస్‌పూర్ గంట దూరమే కదా అని." తల దించుకున్నాడు. "అనకపోను."

మంగళవారం తిన్న రొయ్య గురువారం ఇడ్లీలోకి రాదు. ఇతను తిండిపోతు. హంతకుడు కాడు.

పదకొండూ పావుకి అప్పయమ్మ. కనకం దగ్గర ముప్ఫై ఏళ్ళుగా వంటపని.

"పొడి వడ్డించింది నువ్వేనా?"

"ఎప్పుడూ నానే ఏస్తాను బాబూ. ఆయాల మాత్రం అమ్మే ఏసినాది. డబ్బా నా సేతికియ్యలేదు."

"ఎందుకు?"

"ఏటో మరి. పెద్దోల్లని ఎందుకని అడుగుతామేటి?"

"మళ్ళీ అడిగితే?"

"ఆ పిల్ల అడిగినాది. అమ్మ ఒక్క నిమసం ఆగిపోనాది. డబ్బాలోకి సూసినాది. మరి తప్పదన్నట్టు అడుగుబొడుగు గోకి ఏసినాది."

"ఆ డబ్బా ఎవరు కడిగారు?"

అప్పయమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పయమ్మా, ఎవరు కడిగారు?"

"అమ్మే. బిస్లేరీ బుడ్డీ నీల్లతోటి."

జానకిరామ్ కలం ఆగిపోయింది.

పొడి డబ్బాని ప్రయాణంలో ఎవరూ కడగరు. తడి తగిలితే పనికిరాదు. వంటచేసే ప్రతి మనిషికీ తెలుసు. అలాంటిది కుళాయిల్లో నీళ్ళు లేని బోగీలో, పక్కన మనిషి చచ్చిపోతుంటే, తాగే నీళ్ళు ఖర్చుపెట్టి కడిగింది.

బయట బెంచీ మీద కనకం కూర్చుని ఉంది. జానకిరామ్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"పిన్నీ, డబ్బా ఎందుకు కడిగినావు?"

"ఎంగిలైపోనాది నాయినా."

"నాకు నిజం చెప్పు. నిన్ను ఎలగైనా బయటపడేద్దామనే చూస్తన్నాను."

"నన్ను బయటపడెయ్యకు" అంది కనకం. "కేసు మూసీ. వంట నాదే, తప్పు నాదే అని రాసీ. ఇంకేటీ తవ్వకు. నీకు దండం పెడతాను."

చేతులు జోడించింది. జానకిరామ్‌కి కోపం వచ్చింది. ఎవరినో కాపాడుతోంది. ఎవర్ని? త్రినాథరావునా? అప్పయమ్మనా? ఆ ఎవరో దొరికితే ఎముకలు విరగ్గొడతానని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

* * *

శనివారం ఉదయం తొమ్మిది గంటలు.

లాస్య ఫోన్లోని ఫొటోలన్నీ తన ఫోన్లోకి పంపించుకున్నాడు జానకిరామ్. భర్త పూటపూటా తిన్న కంచాన్ని ఫొటో తీసి అత్తగారికి పంపేదట. మీ అబ్బాయి భద్రంగా ఉన్నాడని చెప్పడానికి.

నలభై మూడు ఫొటోలు. కంచాలు, సముద్రం, నవ్వు మొహాలు, మళ్ళీ కంచాలు.

పద్దెనిమిదో ఫొటో. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. వరండాలో పృథ్వీ భోంచేస్తున్నాడు. వెనక మూత తీసిన పొడి డబ్బా. సగానికి పొడి ఉంది.

ముప్ఫై ఆరో ఫొటో. బుధవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై. అదే డబ్బా. అదే వరండా. పొడి అంచుదాకా ఉంది.

జానకిరామ్ కుర్చీలో ముందుకి వంగాడు.

వెంటనే అప్పయమ్మకి ఫోన్ చేశాడు. "బారువలో పొడి మళ్ళీ కొట్టారా?"

"ఎక్కడ బాబూ? మిక్సీ ఏదీ అక్కడ? బిలాస్‌పూర్ నుంచి తీసికెల్లిందే."

తింటే పొడి తగ్గాలి. ఇది పెరిగింది.

పొడి పెరగదు. కింద ఏదో పెడితే పైకి లేస్తుంది.

ఆ ఆలోచనతో పాటే ఇంకొకటి వచ్చింది. అడగకుండా, తలుపు తట్టకుండా వచ్చింది. ఒక వాసన. పదిహేనేళ్ళుగా ఏటా కార్తీకం వెళ్ళాక ప్రసూన కూర వండితే గుమ్మంలోకి వచ్చే వాసన. అందులో కొంచెం ఇంగువ. ఎందుకుంటుందో ఏనాడూ అడగలేదు. అది బారువ సరుకు గొప్పతనమనుకున్నాడు. పదిమందికీ అలాగే చెప్పుకున్నాడు.

జానకిరామ్ లేచాడు. టోపీ మర్చిపోయాడు. బండి తాళం చేతిలోనే ఉంటే జేబులన్నీ వెతికాడు.

ఇంటికి చేరేసరికి తొమ్మిదీ నలభై. బాల్కనీలో నల్ల కవరు అలాగే వేలాడుతోంది. విప్పాడు. లోపల పాలిథిన్ సంచి. సంచి నిండా ఎండురొయ్యలు. అరకిలో ఉంటాయి.

వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. రొయ్యల మీసాలు సంచిని పొడుచుకుని బయటికి వచ్చి ఉన్నాయి. పది, పదిహేను చోట్ల సన్నటి చిల్లులు. చిల్లుల చుట్టూ ఎర్రగా కందిపొడి అంటుకుని ఉంది.

"ఏటండీ, ఇప్పుడే ఎందుకు తీసేరు? పాడ్యమి కాలేదు కదా" అంది ప్రసూన వంటింట్లోంచి.

జానకిరామ్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

కావాలంటే ఆ కవరు కాలవలో పారేయచ్చు. పది నిమిషాల పని. ఫొటోలు ఎవరూ అంత పట్టి చూడరు. కేసు నీరుగారిపోతుంది. ఆ మాట అతనికి తోచలేదని చెబితే అబద్ధం. తోచింది. పావుగంటసేపు తోస్తూనే ఉంది.

తర్వాత లేచి, కవరుని ఎవిడెన్స్ సంచిలో పెట్టి సీల్ వేశాడు.

* * *

సాయంత్రం నాలుగింటికి అందర్నీ థానాకి పిలిచాడు. లాస్య, ఆమె అన్న. త్రినాథరావు. అప్పయమ్మ. కనకం. గుమ్మంలో స్టేషన్ ఇన్‌చార్జి, అందరూ టీఐ సాబ్ అనే పెద్దాయన. స్టేట్‌మెంట్ రాయడానికి సాహు పక్కన, తెలుగు హిందీలో చెప్పడానికి ఒక రైల్వే గుమాస్తా.

జానకిరామ్ రెండు ఫొటోలు టేబుల్ మీద పెట్టాడు. పక్కన స్టీల్ డబ్బా.

"మంగళవారం డబ్బాలో పొడి సగం. బుధవారం నిండా. మధ్యలో పొడి కొట్టలేదు. అంటే డబ్బా అడుగున ఏదో పెట్టి, పైన పొడి కప్పారు. ఎందుకు? వాసన రాకుండా. ఇంగువ ఘాటు ముందు ఏ వాసనా నిలవదు."

సీల్ వేసిన సంచి తీసి డబ్బా పక్కన పెట్టాడు.

"ఇదీ ఆ సరుకు. ఎండురొయ్యలు. మీసాలు సంచిని పొడిచాయి. రొయ్యల నూక పొడిలోకి రాలింది. మిగతా ముప్ఫై మంది తిన్నది పైపొడి, పైగా వాళ్ళకి రొయ్యతో చేటు లేదు. ఆఖర్న మారు అడిగిన మనిషికి అడుగుపొడి పడింది. నూక అంతా అడుగునే ఉంది."

త్రినాథరావు నోరు తెరిచాడు. "నీచా? మన డబ్బాలోనా? వదినా!"

"ఓలమ్మో" అంది అప్పయమ్మ. "ఈ సంచిని బండి లోంచి పారీమన్నాది అమ్మ. మనిసి పోయిన గాబరాలో అంటన్నాది అనుకున్నాను. బంగారం లాటి సరుకు. పారబొయ్యడానికి సెయ్యి రాలేదు. ఎప్పుడూ ఇచ్చే ఇంటికే ఇచ్చీసాను."

"ఏ ఇంటికి?" అన్నాడు టీఐ.

కనకం ఒక్కసారిగా లేచింది. "నాకే! నాకోసమే తెచ్చుకున్నాను. నానే తింటాను. రాసుకోండి."

"కూర్చో పిన్నీ. నువ్వు జన్మలో నీచు ముట్టలేదు" అన్నాడు జానకిరామ్. "మా ఇంటికి సార్. నేనే తెమ్మన్నాను. ఏటా తెమ్మంటాను. ఈ ఏడు కూడా బండి కదిలేముందు కిటికీ దగ్గరికెళ్ళి మరీ చెప్పాను."

సాహు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎందుకు చెప్పీసినావురా" అంది కనకం. ఏడుపు వచ్చేసింది. "నీ పేరు రాకుండా చూద్దామనే కదా ఇన్ని రోజులూ నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతాదిరా నీది."

"పిన్నీ, ఇంకొకటి ఉంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

కనకం కళ్ళు తుడుచుకుంది.

"నలభై ఏళ్ళలో నువ్వు ఎవరికీ లేదని చెప్పలేదు. ఎనిమిదీ ఇరవై అయిదుకి ఈ అమ్మాయి పొడి అడిగింది. అప్పుడు చెప్పాల్సింది, లేదని. వేసేశావు. ఎనిమిదీ నలభై ఎనిమిదికి ఇదే అమ్మాయి రొయ్య కలిసిందా అని అడిగింది. అప్పుడు మాత్రం చెప్పావు, లేదని."

లాస్య తలెత్తింది.

కనకం ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"నీ పెనిమిటి పెదాలు చూడగానే తెలిసిపోనాది తల్లీ. బండాగినాది. నువ్వడిగినావు. చుట్టూ ముప్ఫై మంది. నాలుగు రోజులు సముద్రంలో మునిగొచ్చినవాళ్ళు. నా చెయ్యి నమ్ముకుని వచ్చినవాళ్ళు. డబ్బాలో నీచున్నాదని వాళ్ళ ముందు ఎలగ చెప్పను? నోరు రాలేదు. లేదు తల్లీ అనీసాను. గోలీ ఏసినావు కదా, తగ్గిపోతాదిలే అనుకున్నాను. బండి ఎల్లిపోనాది."

"ఊఁ అంటే చాలు" అంది లాస్య. చాలా నెమ్మదిగా అంది. "ఊఁ అన్నా దిగేదాన్ని. దవాఖానల రొయ్య అని చెప్పేదాన్ని. సూదిమందు ఇచ్చేవాళ్ళు. రెండు నిమిషాలు ఆగింది కదమ్మా బండి."

కనకం నేల మీద కూలబడి లాస్య కాళ్ళు పట్టుకోబోయింది. లాస్య కాళ్ళు వెనక్కి తీసుకుంది. తిట్టలేదు. అరవలేదు. తిట్టినా బాగుండేది.

టీఐ గొంతు సవరించుకున్నాడు. నిర్లక్ష్యం వల్ల మరణం, సాక్ష్యం మాయం చెయ్యడం. రెండు సెక్షన్లు చెప్పాడు. బెయిల్ వస్తుందన్నాడు.

బెయిల్ వస్తుంది. మెస్ రాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కనకం వండింది ఇక ఈ ఊళ్ళో కుక్క కూడా ముట్టదు. త్రినాథరావు అప్పుడే వదినకి రెండడుగులు దూరం జరిగి నిలబడ్డాడు. రొయ్యలు తిన్న పెద్దమనిషి!

జానకిరామ్ కేసు డైరీ టీఐకి అప్పగించేశాడు. సాక్షుల లిస్టులో మొదటి పేరు తనదే రాశాడు. ఎందుకు రాశాడంటే అతని దగ్గర పెద్ద కారణాలేమీ లేవు. ఆ అమ్మాయికి మాట ఇచ్చాడు. అంతకుమించి చెయ్యగలిగింది ఏమీ కనపడలేదు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు.

మహిళా కానిస్టేబుల్ వచ్చి కనకాన్ని లేపింది. గుమ్మం దాకా వెళ్ళి కనకం వెనక్కి తిరిగింది.

"మధ్యాహ్నం ఏటైనా తిన్నావా నాయినా?"

జానకిరామ్ లేదన్నట్టు తల ఊపాడు.

అన్న చెయ్యి పట్టుకుని లాస్య కూడా లేచింది. టేబుల్ దగ్గర ఆగింది. సీల్ వేసిన సంచి వంక చూసింది. లోపల ఎర్రపొడి అంటిన చిన్న చిన్న రొయ్యలు. ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత కూడా లేదు.

"ఒక్కటి అడగాల్నా సార్?"

"అడగమ్మా."

"ఇవంటే మీకు అంత ఇష్టమా?"

అతని ముందు అబద్ధాలు చెప్పినవాళ్ళు ఇరవై రెండేళ్ళలో వందలమంది. ఎంత తేలికో అతనికి తెలుసు.

"చాలా ఇష్టం తల్లీ" అన్నాడు జానకిరామ్.

గుమాస్తా ఆ ముక్కని హిందీలో చెప్పాడు. సాహు అది కూడా రాసుకున్నాడు.